తలకిందుల చార్మినార్ - తొమ్మిదో భాగం

"తోమితే ఏమయితది? వెండి తోమితే తెల్లగయితది. అంతే గద!" అన్నది యాదలక్ష్మి. ఆ మాట మొగుడితో అనడం అది మూడోసారి.

"తెల్లగయితదని నాకు తెల్వదా? తెల్లగ గావద్దనే గదా పన్నెండేండ్ల సంది పత్తిల చుట్టి దాస్తున్న!"

"పత్తిల చుట్టినవి నేను ముట్టలే. కిటికీల కాయితం మీద పరిచి పెట్టినవి తోమిన. రేపు పెత్రమాస. ఇంట్ల ఇత్తడి, రాగి అన్నీ తోముకున్న. పెద్దలకు పెట్టే దినం ఇంట్ల అంత నల్లటి వెండి ఎందుకని చింతపండు నీళ్లల్ల మరగబెట్టి, జర బూడిదేసి రుద్దిన."

"మరగబెట్టినవా?" అన్నాడు భిక్షపతి. "ఆ నలుపు మురికి గాదే. అది దాని వయసు."

"నా నెత్తిల తెలుపు గూడ నా వయసే. దానికి రంగెయ్యరాదా అని పోయిన దసరాకు నువ్వే అన్నవు."

గుమ్మంలో కూర్చుని రేపటి బతుకమ్మ కోసం గునుగు పూలకు రంగు అద్దుతున్న కూతురు కౌసల్య నవ్వు ఆపుకోలేక తల దించుకుంది. భిక్షపతికి నవ్వు రాలేదు. వెనక వసారాలో ఎండకు ఆరబెట్టిన చెంబుల మధ్య, తడి తువ్వాల మీద ఐదు చారాణలు కొత్త పెళ్లికూతురి మెట్టెల్లా మెరుస్తున్నాయి.

పోయిన ఆదివారం నుంచీ ఆ ఇంట్లో మాటలు ఇలాగే ఉన్నాయి. ఎవరు ఏం మాట్లాడినా అసలు సంగతి పక్కకు జరిగి, దేని మీదో పడుతోంది.

అసలు సంగతి ఆ ఐదో చారాణ.

భిక్షపతి నల్లగొండలో సర్కారు ఆఫీసు రికార్డుల గదిలో గుమాస్తా. నైజాం కాలం నాటి వెండి చారాణలు, అంటే రూపాయిలో నాలుగో వంతు బిళ్ళలు, పోగుచేయడం అతని పిచ్చి. పాత నాణేలు కొనేవాళ్లు సాధారణంగా ఏ యేటివో చూస్తారు. ఇతను అచ్చు చూస్తాడు. బిళ్ళ మీద చార్మినార్ ఉంటుంది. దాని గుమ్మంలో నైజాం పేరులోని ఉర్దూ అక్షరం. కొన్ని అచ్చుల్లో ఆ అక్షరం చిన్నది, కొన్నింట్లో గుమ్మం నిండా పెద్దది. టంకశాలలో ఉక్కు అచ్చు వేల దెబ్బలు తిని ఎక్కడో చిట్లితే, ఆ తర్వాత పడిన ప్రతి బిళ్ళ మీదా ఆ పగులు సన్నని గీతై లేస్తుంది. భిక్షపతి వెతికేది ఒకే అచ్చు. అక్షరం చిన్నదై ఉండాలి, కుడివైపు మీనారు కొస నుంచి అంచు దాకా గీత పాకి ఉండాలి.

అలాంటి చారాణ ఒకటి వాళ్ల నాయిన మగ్గం వెనక వేలాడేది. చిట్యాల దగ్గర పల్లెలో వాళ్లది నేతపని. పడుగులో పోగు తెగితే అతికి, అది వదులు కాకుండా చివరన బరువు కట్టి వెనక్కి వేలాడదీస్తారు. నాయిన ఆ బరువుకు ఈ చారాణనే వాడేవాడు. నలభై నాలుగేళ్ల కిందట ఊళ్లో గత్తర, అంటే కలరా, పడి, నాయిన పోయి, ఆ వారంలోనే ఆరేళ్ల చెల్లెలు గుర్వమ్మ కూడా పోయింది. చెల్లెలు మగ్గం కింద పడుకుని ఆ బిళ్ళతోనే ఆడుకునేది గనుక, బిళ్ళను పిల్ల పిడికిట్లో పెట్టి వాగు ఒడ్డున పూడ్చామని అమ్మ చెప్పింది. అప్పుడు తొమ్మిదేళ్ల భిక్షపతి హుజూర్‌నగర్‌లో మేనమామ ఇంట్లో ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి రాళ్లు పేర్చిన చిన్న దిబ్బ మిగిలింది.

పన్నెండేళ్ల కిందట అటువంటి గీత ఉన్న చారాణ మొదటిసారి కంటపడినప్పుడు అతను అదే మట్టిలోంచి లేచి వచ్చిందనుకున్నాడు. పాత సామాను అమ్మే పీర్ మహమ్మద్ సంగతంతా విని నవ్వాడు. "అరే భాయ్, అచ్చు ఒక్కటే, పిల్లలు వెయ్యి. ఇది మీ చెల్లె బిళ్ళకు తోడబుట్టింది. అది గాదు." ఆ మాట పట్టుకునే భిక్షపతి మిగిలిన తోడబుట్టువులను ఒక్కొక్కటే ఇంటికి తెచ్చుకుంటున్నాడు. ఐదోది పోయిన ఆదివారం దొరికింది. అమ్రాబాద్ దిక్కు నుంచి వచ్చిందని పీర్ మహమ్మద్ అన్నాడు.

దాన్ని ఇంటికి తెచ్చి అన్నం ముందు కూర్చున్న తల్లికి చూపించాడు. డెబ్భై నాలుగేళ్ల వెంకటనర్సమ్మ దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచిపోయింది. ఆనాటి నుంచి ముందు గదిలోకి రాలేదు. పిలిస్తే పలకలేదు.

ఇప్పుడు భిక్షపతి తడి తువ్వాల ముందు కూర్చుని ఒక్కొక్క చారాణను ఎత్తి చూస్తున్నాడు. నాలుగోది చూసి పెట్టాడు. ఐదోది ఎత్తి, ఎండ వెలుతురుకు తిప్పి, ఆగిపోయాడు.

"దీనికి బొక్క పెట్టింది ఎవరు?"

"బొక్కేంది?"

"గిది చూడు. గుమ్మం కింద. ఆదివారం లేదు గీ బొక్క. నిన్న లేదు. చెవుల కమ్మలకు సరిపోతదని పొడిపిచ్చినవా ఏంది?"

"నాకేం పనిలేదా? నీ చారాణలు చెవులకు పెట్టుకొని నేను బజాట్ల తిరగాల్నా?" యాదలక్ష్మికి ఇప్పుడు నిజంగా కోపం వచ్చింది. "తోమిన, ఒప్పుకున్న. బొక్క నేను పెట్టలే. మీ అమ్మ మీద ఒట్టు."

ఒట్టు అత్త మీద పెట్టినందుకు ఆమే నాలుక కరుచుకుంది.

కౌసల్య పూలు పక్కన పెట్టి లేచింది. చింతపండు నీళ్లు ఇంకా గిన్నెలో ఉన్నాయి. అడుగున చెయ్యి పెట్టి కెలికి, పిప్పిలోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుంది. మినప గింజంత ముద్ద. పైన నల్లగా ఉంది. గోటితో గీకితే లోపల ఎర్రగా, అద్దం పొడి కలిసినట్టు ఒక మెరుపు.

"బాపు, ఇది లక్క. బొక్కను దీంతోని మూసిన్రు. వేడినీళ్లకు మెత్తబడి ఊడింది."

ఆ మధ్యాహ్నమే చిట్యాల నుంచి బస్సు దిగి వచ్చిన తమ్ముడు లక్ష్మీనర్సయ్య, పెత్రమాసకు తెచ్చిన మోదుగాకు ఇస్తార్ల కట్టను మూలకు ఆనించి, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. ఆ కుటుంబంలో ఇప్పటికీ మగ్గం మీద కూర్చునేది అతనొక్కడే. నాయిన మగ్గమే.

"ఏది, ఇటియ్యి అన్నా."

బిళ్ళను కంటికి దగ్గరగా పెట్టుకుని, బొక్క అంచు మీద బొటనవేలి గోరు ఆడించాడు. అతని ముఖం మారింది.

"ఇది మెడల ఏసుకున్న బొక్క గాదు. మెడల ఏసుకునేదానికి మీదికెల్లి పొడుస్తరు, మీనార్లు పైకి ఉండాలె గద. దీనికి కిందికెల్లి పొడిసిన్రు. ఏలాడదీస్తే చార్మినార్ తలకిందులు." గోరు మళ్లీ ఆడించాడు. "గీ అంచుకు గాడి చూసినవా? వాలుగ కోసుకపోయింది. తాడుతోని పడది గిట్ల. సన్నటి నూలు పోగు ఏండ్లకు ఏండ్లు ఒక్క తీరుగ గుంజితే పడ్తది. నా మగ్గం ఎనక ఏలాడే ఇనుప బిళ్ళకు గూడ గిదే గాడి ఉన్నది."



అచ్చులో పడిన గీత వెయ్యి బిళ్ళలకు ఉంటుంది. తొందరలో ఎవరో కింది నుంచి పొడిచిన బొక్క, దానికి పోగు కోసిన గాడి ఒక్క బిళ్ళకే ఉంటాయి. భిక్షపతికి ఇన్నేళ్లుగా గుర్తుకు రాని నాయిన మాట మగ్గం గుంతలోంచి వినిపించినట్టయింది. 'చూడు బిడ్డా, మన చార్మినార్ తలకిందులుగ నిలబడి తపస్సు చేస్తున్నది.' గుర్వమ్మ కిందనుంచి దాన్ని వేలితో కొట్టి, అది ఊగితే నవ్వేది. ఆ నవ్వు కూడా వినిపించింది.

పిడికిట్లో పెట్టి పూడ్చిన బిళ్ళ. మట్టి తవ్వి తీసిందెవరు?

"యాదలక్ష్మీ," వెనక గదిలోంచి గొంతు వచ్చింది. ఆరు రోజుల తర్వాత. "ఆ లక్క ముక్క ఇటు తే."

యాదలక్ష్మి భర్త ముఖం చూసింది. కౌసల్య అరచేతిలోంచి ముక్కను తీసుకుని లోపలికి వెళ్లింది. మిగతా ముగ్గురూ ఆమె వెనకే వెళ్లారు.

వెంకటనర్సమ్మ నులక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కను వేళ్లతో నలిపి, వాసన చూసి, కళ్లు మూసుకుంది.

"ఖాతూన్ లక్క," అన్నది.

"ఖాతూన్ ఎవరమ్మా?"

"గాజులమ్మే ఖాతూన్. అమ్రాబాద్ నుంచి యేడుకొక్కసారి వచ్చేది. లక్కల అద్దం పొడి కలిపి గాజులు చేసేటోళ్లు. పిల్లలు లేరామెకు."

భిక్షపతి మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "వాగొడ్డున చెల్లె పిడికిట్ల పెట్టినన్నవు గదమ్మా."

"అన్న."

"పెట్టలేదా?"

ముసలామె లక్క ముక్కను పిడికిట్లో మూసుకుంది. యాదలక్ష్మి నెమ్మదిగా అందుకుంది. "అత్తమ్మా, ఒకటి అడుగుతా. నేను ఈ ఇంటికొచ్చి ఇరవై ఆరేండ్లు. యేటా పెత్రమాసకు మామకు ఇస్తారి ఏస్తవు, ఆయన అమ్మానాయినలకు ఏస్తవు. గుర్వమ్మకు ఒక్కనాడు ఏయలే. పెండ్లిగాని పిల్లకు ఏయరని చెప్పినవు. మా పుట్టింట్ల మూడేండ్ల పిల్లగానికి గూడ ఏస్తరు. నేను ఎన్నడూ అడగలే."

"బతికున్నదానికి ఎట్ల ఏస్తరే?" అన్నది వెంకటనర్సమ్మ.

ఆ మాట అని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నలభై నాలుగేళ్లుగా లోపలే ఉన్న మాట బయట పడ్డాక మళ్లీ లోపలికి పోయే దారి లేదు. చెంగు తీసేసింది.

"మీ నాయిన పోయిన మూడోనాడు నాకు పట్టుకున్నది గత్తర. లేవలేని దాన్ని. కడుపుల వీడు," అని లక్ష్మీనర్సయ్య వైపు గడ్డం చూపించింది. "దినానికి నాలుగు పీనుగలు లేస్తున్నయ్. ఖాతూన్ బండి కట్టుకొని ఊరిడిసి పోతున్నది. పిల్లను దీస్కపో, నేను బతికితే వచ్చి తెచ్చుకుంట, సస్తే నువ్వే సాదుకో అని ఇచ్చిన. మగ్గం ఎనక బిళ్ళను కోసి, అదే పోగుతోని దాని మెడల కట్టిన. ఎన్నేండ్లయినా గుర్తువట్టాలె గద. బండి ఎక్కేటప్పుడు గూడ ఏడ్వలే అది. బిళ్ళ దొరికిందని నవ్వింది."

"మరి ఆ దిబ్బ?" అన్నాడు భిక్షపతి. "యేటా పోయి రాయి పెడ్తున్న. మొక్కుతున్న. దాని కింద ఏమున్నదమ్మా?"

"లంగ. మీ నాయిన నేసిన ఎర్ర లంగ. గంతే."

కౌసల్య గోడ పట్టుకుంది. తండ్రితో కలిసి చిన్నప్పటి నుంచీ ఆ రాళ్ల ముందు తనూ దండం పెట్టింది.

"నేను లేచి తిరిగేసరికి నెలయింది. మీ నాయినమ్మ తలుపు కాడ కూసున్నది. సాయిబుల ఇంట్ల అన్నం తిన్న పిల్లను తెస్తే కులం వెలేస్తది, భిక్షపతికి పిల్లనెవ్వరియ్యరు, కడుపుల ఉన్నోనికి మగ్గం పని జెప్పేటోడుండడు అన్నది. సచ్చిపోయిందని చెప్పుమన్నది. చెప్పుమన్నది ఆమె. నోరు నాదే."

"ఆ తర్వాతనన్నా..." అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"వచ్చింది. మరుసటేడు ఖాతూన్ వచ్చింది." ముసలామె కళ్లు గోడ మీద ఎక్కడో నిలిచాయి. "గాజుల మల్లారం మూట దించుకొని మన అరుగు మీదనే కూసున్నది. మీ నాయినమ్మ పక్కనే ఉన్నది. నా చెయ్యి పట్టుకొని, కొలత చూసినట్టు చేసి, మెల్లగ అన్నది. 'పిల్ల మంచిగున్నది. సడక్ మీద బండిల కూసోబెట్టిన. వస్తవా?' అన్నది."

ముసలామె తన మణికట్టును తడుముకుంది.

"మొగడు లేనిదానికి గాజులెందుకు, పో, అన్న. అందరికీ ఇనబడేటట్టు అన్న. ఆమె నా చెయ్యి ఇడిసిపెట్టింది. ఒక్క మాట అనలే. మల్లారం ఎత్తుకొని లేచి పోయింది. మళ్ల ఎన్నడూ మా ఊరికి రాలే."

బయట ఎవరింట్లోనో రేడియో మోగుతోంది. యాదలక్ష్మి తన చేతి గాజులను తెలియకుండానే పైకి తోసుకుంది, చప్పుడు కాకుండా.

వెంకటనర్సమ్మ చెయ్యి చాపింది. భిక్షపతి చారాణను ఆ చేతిలో పెట్టాడు. తెల్లగా, చల్లగా, నిన్ననే టంకశాలలోంచి వచ్చినట్టుంది. ఆమె బొక్కలోకి వేలికొన పెట్టాలని చూసింది. పట్టలేదు.

"ఈ బొక్కకు పోగు కట్టింది నేను. తెంపి, లక్కతోని మూసింది వాళ్లు. నేను రానని తెలిసినంక మూసిన్రు. ఆదివారం నువ్వు చేతిల పెట్టంగనే గీత చూసిన. గుమ్మం కింద చేత్తోని తడిమిన. సాపుగ ఉన్నది. ఇది గాదులే, నువ్వు చెప్పినట్టు తోడబుట్టిందేనేమో అనుకున్న. కాని ముద్ద మింగుడు పడలే."

భిక్షపతి లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. పన్నెండేళ్లుగా చనిపోయిన చెల్లెలి బిళ్ళకు తోడబుట్టువులను వెతికాడు. బతికున్న తోడబుట్టిందాన్ని వెతకాలన్న ఆలోచనే రాలేదు. తల్లి మీద అరవాలని నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరు.

"బిళ్ళ అమ్ముకున్నరంటే... మనిషి ఉన్నదో లేదో."

"అదే నా ఫికర్," అన్నది ముసలామె. "మెడల ఉండాల్సింది దుకాణంల ఎట్లొచ్చింది?"

లక్ష్మీనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నేనొకటి చెప్తా, కోపం జేస్కోకు. దసరా ఎల్లంగనే కౌసల్యను చూడొస్తున్నరు. మంచి సంబంధం. గిప్పుడు మనం అమ్రాబాద్ పోయి, సాయిబులింట్ల మా అక్క ఉన్నదా అని అడిగితే, ఆ ముచ్చట చిట్యాల దాక రాకుంట ఉంటదా? ఆ పెండ్లి ఒక్కటి కానియ్యి. నలభై నాలుగేండ్లు ఆగింది, నాలుగు నెలలు ఆగదా?"

 అందులో చెడ్డ మాట ఏదీ లేదు. ఇంట్లో పెద్దలు ఎప్పుడూ మాట్లాడే మాటే.

"చిన్నాయినా," అన్నది కౌసల్య. "అప్పుడు బాపు పేరు చెప్పిన్రు. నీ పేరు చెప్పిన్రు. ఇప్పుడు నా పేరు చెప్తున్నవు. నా పేరు చెప్పకు."

లక్ష్మీనర్సయ్య తల దించుకున్నాడు. తువ్వాలతో మెడ మళ్లీ తుడుచుకున్నాడు, చెమట లేకపోయినా.

"బిడ్డా," అంది వెంకటనర్సమ్మ అతనితో, "నీ సంచిల నూలు ఉన్నదా?"

ఉంది. నేతగాడి సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తెల్లటి పోగు ఒకటి తెంపి ఇచ్చాడు. ముసలామె దాని కొనను నాలుకతో తడిపి, బొక్కలోంచి దూర్చబోయింది. రెండోసారికి దూరింది. పోగు జారి, తన పాత గాడిలో కూర్చుంది. ఆమె చెయ్యి ఎత్తి పట్టుకుంది. చార్మినార్ తలకిందులుగా, నెమ్మదిగా ఊగింది.

అది ఊగడం ఆగేదాకా చూసి, పోగును మెడ చుట్టూ తిప్పి ముడివేసుకుంది. మంచం దిగింది. ఆరు రోజులుగా అడుగు పెట్టని ముందు గదిలోకి గోడ పట్టుకుంటూ నడిచింది. మూలకు ఆనించిన ఇస్తార్ల కట్ట విప్పి, చిల్లు లేనిది, ఆకులు గట్టిగా ఉన్నది ఒకటి ఏరి, మడత పడకుండా తన బట్టల సంచిలో అడుగున పరిచి పెట్టుకుంది.

"అమ్మా, అదెందుకు?" అన్నాడు భిక్షపతి.

ఆమె వెనక్కి తిరిగి అందరినీ ఒకసారి చూసింది. గొంతు పెంచలేదు. రేపు ఏ కూర వండాలో చెప్పినట్టే చెప్పింది.

"రేపు పెద్దలకు మీరే పెట్టుండ్రి. నేను పొద్దుగాల దేవరకొండ బస్సుకు పోత, ఆడికెల్లి అమ్రాబాద్ పోత. ఎవరన్న వస్తె రాండ్రి, లేకుంటె లేదు. అది బతికుంటె ఈ ఇస్తార్ల నాకు ఇంత అన్నం పెట్టుమని అడుగుత. లేకుంటె, ఈ ఇస్తార్ల నేనే దానికి పెట్టి వస్త."